ఆయిల్ ప్రెజర్ ఎందుకు పడుతోంది? పాత ఇంజిన్‌లో కారణం పట్టుకునే దారి

పాత కారులో ఆయిల్ లైటు మిణుకుమనగానే రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. సెన్సర్ పోయి ఉంటుంది, మార్చేస్తే సరిపోతుందనేది ఒకటి. ఇంజిన్ పనైపోయింది, దించి చేయించాల్సిందే అనేది రెండోది. రెండూ నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. ఇబ్బందల్లా, రెండూ పరీక్షకు ముందే వచ్చేస్తాయి. మొదటిదాన్ని నమ్మి బండి నడిపితే, నిజంగానే ప్రెజర్ లేని పక్షంలో నష్టం బేరింగులతో మొదలై క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ప్రధాన ఇరుసు) దాకా పోతుంది. రెండోదాన్ని నమ్మితే ఓ రబ్బరు రింగు మారిస్తే తీరే లోపానికి ఇంజిన్ మొత్తం విప్పిస్తారు.

గేజ్ చూపే ఒక్క అంకెతో ఏదీ తేలదు. చల్లగా ఉన్నప్పుడు ఎంత, బాగా వేడెక్కాక ఎంత, ఐడిలింగ్‌లో ఎంత, రేస్ చేస్తే ఎంత, నెలల తరబడి మెల్లగా తగ్గిందా, ఉన్నట్టుండి పడిందా అన్న తీరు తెలియాలి. అది తెలిస్తే ఒక్క నట్టు విప్పకముందే అనుమానాల్లో సగం పైగా తొలగిపోతాయి.

ముందు ఒక జాగ్రత్త. నడుస్తుండగా ఎర్ర లైటు నిలకడగా వెలిగితే బండి పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. చాలా కార్లలో ఆ లైటు స్విచ్ 0.3 నుంచి 0.5 బార్ మధ్య, అంటే 4 నుంచి 7 పీఎస్ఐ మధ్య పనిచేస్తుంది (బార్, పీఎస్ఐ రెండూ ప్రెజర్ కొలతలే). హైవే వేగంలో ఉండాల్సిన ప్రెజర్ దీనికి ఎన్నో రెట్లు. కాబట్టి లైటు వెలిగిందంటే ప్రెజర్ తగ్గడం మొదలైందని కాదు, దాదాపు అయిపోయిందని. మెల్లగా ఇంటిదాకా పోనిద్దాం అనుకునే ఆ నాలుగైదు కిలోమీటర్లే ఇంజిన్లను ఎక్కువగా చంపేది. కింద నుంచి లోతైన టక్‌టక్ చప్పుడు కూడా వస్తుంటే, చూద్దామని మళ్లీ స్టార్ట్ చేయడం కూడా పనికిరాదు.

పంపు తోస్తుంది, సందులు ఆపుతాయి

ఆయిల్ పంపు ప్రెజర్‌ను తయారుచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది తయారుచేసేది ప్రవాహాన్ని. గేర్ల పంపైనా రోటర్ పంపైనా తిరిగిన ప్రతిసారీ కొంత ఆయిల్‌ను ముందుకు తోస్తుంది, అంతే. తోటకు నీళ్లు పట్టే పైపు చివర వేలు అడ్డం పెడితే నీళ్లు ఎగజిమ్మినట్టు, ఈ ప్రవాహానికి ఎక్కడో అడ్డు తగిలితేనే ప్రెజర్ పుడుతుంది. ఇంజిన్‌లో ఆ అడ్డు ప్రధానంగా బేరింగు షెల్‌కూ (షాఫ్ట్‌ను చుట్టి ఉండే పలచని లోహపు రేకు) షాఫ్ట్‌కూ మధ్య ఉండే సన్నని సందు. ఆయిల్ ఆ సందులోకి వెళ్లి, బేరింగు అంచుల నుంచి బయటకు కారి, తిరిగి సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగునున్న ఆయిల్ తొట్టిలో పడుతుంది. గేజ్ చూపేది ఈ రాకపోకల మధ్య తూకాన్ని. పంపు ఎంత తోస్తోంది, ఆయిల్ ఎంత చిక్కగా ఉంది, సందుల నుంచి ఎంత కారిపోతోంది. ఈ మూడింటిలో ఏది మారినా ముల్లు కదులుతుంది. పైనుంచి రిలీఫ్ వాల్వ్ అనే స్ప్రింగు వాల్వ్ ఒకటి గరిష్ఠ పరిమితి పెడుతుంది. చాలా ఇంజిన్లలో ఇది 50 నుంచి 80 పీఎస్ఐ మధ్య ఎక్కడో తెరుచుకుని మిగులు ఆయిల్‌ను వెనక్కి పంపేస్తుంది.

ఇక్కడ ఓ పాత ప్రయోగాన్ని చెప్పుకోవాలి. 1880లలో ఇంగ్లండ్‌లో బ్యూచాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసు బేరింగుల మీద పరీక్షలు చేస్తూ, ఆయిల్ పోయడానికి బేరింగు పైభాగంలో రంధ్రం వేశాడు. షాఫ్ట్ తిరుగుతుండగా ఆ రంధ్రంలోంచి ఆయిల్ పైకి ఉబికింది. బిరడా పెడితే బయటకు నెట్టేసింది, చెక్క మేకు కొడితే దాన్నీ నెట్టేసింది. ఆ బేరింగుకు పంపే లేదు, కింద తొట్టిలో ఉన్న ఆయిల్‌ను షాఫ్టే పైకి లాక్కుంటోంది. తిరిగే షాఫ్ట్ ఆయిల్‌ను ఇరుకు సందులోకి ఈడ్చుకుపోయి తన ప్రెజర్‌ను తానే పుట్టించుకుంటుందని అలా తెలిసింది. దాని వెనకున్న గణితాన్ని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ వివరించాడు. కారు ఇంజిన్‌లోనూ ఇదే జరుగుతుంది. పేలుడు బలాన్ని మోసేది పంపు ఇచ్చే మూడు నాలుగు బార్లు కాదు. బేరింగు లోపల పుట్టే పొర ఒత్తిడి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ పొర తెగకుండా ఆయిల్ అందించడమే పంపు పని.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. ఐడిలింగ్‌లో ప్రెజర్ కాస్త తక్కువున్నంత మాత్రాన బేరింగులు అరిగిపోతున్నాయని అనుకోనక్కర్లేదు, ఆ వేగంలో వాటి మీద భారమూ తక్కువే. గేజ్ బాగున్నంత మాత్రాన అన్ని బేరింగులూ బాగున్నాయని కూడా అనుకోకూడదు. గేజ్ మొత్తం కారుడును చూపుతుంది. పదీపదిహేను బేరింగుల్లో ఒక్కటి చెడితే ముల్లు పెద్దగా కదలకపోవచ్చు.

అరుగుదల విషయంలో లెక్క కాస్త క్రూరంగా ఉంటుంది. సందులోంచి కారే ఆయిల్ ఆ సందు వెడల్పుకు ఘనం చొప్పున పెరుగుతుంది. 0.05 మిల్లీమీటర్లు ఉండాల్సిన సందు 0.08 అయితే పెరిగింది కంటికి కనబడనంత. కారుడు మాత్రం నాలుగు రెట్లు. చిక్కదనం దగ్గర లెక్క ఇంత తీవ్రం కాదు గానీ అక్కడ మార్పే పెద్దది. మామూలు 10డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 90, 100 సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలత) ఉంటే, 100 డిగ్రీలకు 14 దగ్గరికి వస్తుంది. అక్కణ్నుంచి 120 డిగ్రీలకు వెళితే ఉన్నదాంట్లో మరో మూడోవంతు పోతుంది. పొద్దున్న స్టార్ట్ చేయగానే ఠీవిగా 60 దగ్గర నిలబడ్డ ముల్లు, ట్రాఫిక్‌లో గంట నడిచాక 12 దగ్గరికి రావడంలో వింతేమీ లేదు.

ఎంత ఉంటే తక్కువ?

ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ ఉండాలన్నది బాగా ప్రచారంలో ఉన్న సూత్రం. రేసింగ్ ఇంజిన్లు కట్టేవాళ్లకు అది పనికొస్తుంది. రోడ్డు కారుకు దాన్నే గీటురాయిగా పెట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్లు కూడా రోగిష్టిగా కనిపిస్తాయి. తయారీదారుల మాన్యువళ్లు చెప్పే అంకెలు వేరు. టయోటా పాత నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్లు చాలావాటికి, వేడెక్కాక ఐడిలింగ్‌లో 4.3 పీఎస్ఐ లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చాలు. 3,000 ఆర్‌పీఎం దగ్గర మాత్రం కనీసం 36 ఉండాలి. జనరల్ మోటర్స్ వీ8 ఇంజిన్లలో చాలావాటికి ఇచ్చిన కనీస విలువలు 1,000 దగ్గర 6, 2,000 దగ్గర 18, 4,000 దగ్గర 24. చివరి అంకె ప్రచారంలో ఉన్న సూత్రం అడిగే 40లో అరవై శాతమే. ఏ ఇంజిన్‌కు ఆ ఇంజిన్ మాన్యువల్‌లోని అంకెతోనే పోల్చాలి, అదీ ఆ మాన్యువల్ చెప్పిన వేడిలో, చెప్పిన వేగంలో.

అంతకుముందు తేల్చుకోవాల్సింది డాష్‌బోర్డు నిజం చెబుతోందా లేదా అని. కొన్ని కార్లలో గేజ్‌లా కనిపించేది గేజే కాదు. మాజ్దా ఎంఎక్స్-5 తొలితరం కార్లలో మొదట్లో అసలైన ప్రెజర్ గేజ్ ఉండేది. 1995 మోడల్ నుంచి దాని స్థానంలో ఆన్-ఆఫ్ స్విచ్‌తో కదిలే ముల్లు పెట్టారు. ప్రెజర్ కనీసానికి మించితే ముల్లు మధ్యలో నిలబడుతుంది. ప్రెజర్ 10 ఉన్నా 60 ఉన్నా అది అక్కడే ఉంటుంది. ఫోర్డ్ కూడా కొన్ని మోడళ్లలో ఇదే పని చేసింది. నిజమైన గేజ్ ఐడిలింగ్‌లో పడటం చూసి కంగారుపడే యజమానుల ఫిర్యాదులకు ఇది విరుగుడు అనుకోవాలి. కంగారైతే తగ్గింది గానీ, రోగం మొదట్లోనే కనిపించే దారీ మూసుకుపోయింది.

లైటు మాత్రమే ఉన్న కారులో తొలి పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. స్టార్ట్ చేయకుండా తాళం తిప్పితే లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు పోయిందో వైరు తెగిందో అయి ఉంటుంది. ఆ బండిలో ఇన్నాళ్లూ హెచ్చరికే లేదన్నమాట. ఇంజిన్ ఆగి ఉండగా స్విచ్ మీది వైరు పీకితే లైటు ఆరాలి. పీకినా వెలుగుతూనే ఉంటే ఆ వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఒక వైరే ఉండే సెండర్లకు (ప్రెజర్‌ను గేజ్‌కు చేరవేసే సెన్సర్లకు) మరలే ఎర్తు. పోయినసారి మార్చినవాళ్లు మరల మీద టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి ఉంటే ఎర్తు సరిగా అందక గేజ్ తప్పుడు లెక్క చూపుతుంది. సెండర్ లోపలి పొర చిరిగి ఆయిల్ కనెక్టర్‌లోకి ఊరడం కూడా మామూలే. ప్లగ్ తీసి చూస్తే తడి తెలుస్తుంది.

ఇవన్నీ బాగున్నా బాగోకపోయినా అసలు తీర్పు మెకానికల్ గేజ్‌దే. సెండర్ తీసేసి ఆ రంధ్రంలో సరైన అడాప్టర్‌తో గొట్టపు గేజ్ బిగించాలి. మరలు చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒక్కో దేశపు కారుకు ఒక్కో కొలత, బలవంతంగా బిగిస్తే బ్లాకులో మరలే పోతాయి. గొట్టం ఫ్యాను బెల్టుకు గానీ సైలెన్సర్ మానిఫోల్డుకు గానీ తగలకుండా చూసుకోవాలి, వేడి ఆయిల్ చిమ్మితే మంట లేస్తుంది. చాలామంది తొందరపడేది దీని తర్వాతే. టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చింది కదాని కొలత తీసేస్తారు. నీరు వేడెక్కినంత త్వరగా ఆయిల్ వేడెక్కదు. మరో పదిహేను ఇరవై నిమిషాలు రోడ్డు మీద నడిపి వచ్చాకే కొలవాలి. చల్లటి స్టార్టులో ఒకటి, పూర్తిగా వేడెక్కాక ఐడిలింగ్‌లో, 2,000 దగ్గర, 3,000 దగ్గర ఒక్కొక్కటి. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుంటే మిగతా కథ వాటి చుట్టూనే నడుస్తుంది.

డిప్‌స్టిక్ దగ్గర తెలిసేవి

ఆయిల్ మట్టం తక్కువుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. మలుపులో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు లైటు మెరిసి ఆరిపోతుంటే మొదట చూడాల్సింది అదే. మట్టం ఎక్కువైతే వచ్చే తంటా మాత్రం తక్కువమందికి తెలుసు. సంప్ నిండిపోతే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను తాకుతూ చిలుకుతుంది, నురుగు లేస్తుంది. గాలి కలిసిన ఆయిల్ పంపులో నలుగుతుందే తప్ప ప్రెజర్ కట్టదు, ముల్లు వణుకుతుంది.

పోయకుండానే మట్టం పెరుగుతోందంటే ఏదో కలుస్తోంది. పాత కార్బురేటర్ బండ్లలో బ్లాకుకు బిగించిన మెకానికల్ పెట్రోల్ పంపు ఉంటుంది. దాని డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేరుగా సంప్‌లోకి దిగుతుంది. ఇరుక్కుపోయిన చోక్, కారుతున్న ఇంజెక్టర్, మండని సిలిండర్ కూడా ఇదే పని చేస్తాయి. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలుస్తుంది, రెండు వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారుతుంది. ఇలా పలచబడ్డ ఆయిల్‌తో ప్రెజర్ పడితే ముందు పెట్రోల్ దారి మూయాలి, తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి మళ్లీ కొలవాలి. బేరింగుల గురించి ఆ తర్వాతే ఆలోచించాలి. మజ్జిగ రంగుకు తిరిగిన ఆయిల్‌లో కూలెంట్ కలిసింది. దాని సంగతి తేలేదాకా ఇంజిన్ తిప్పకూడదు, కూలెంట్‌లోని గ్లైకాల్ బేరింగు పూతను తినేస్తుంది.

ఈమధ్య ఆ బండికి ఏం పని జరిగిందన్నది కూడా అడగాలి. పాత బండ్ల విషయంలో సగం జవాబులు అక్కడే దొరుకుతాయి. ఆయిల్ మార్పించిన రోజు నుంచే ప్రెజర్ తగ్గితే గ్రేడ్ తప్పో ఫిల్టర్ తప్పో అయి ఉంటుంది. ఇంజిన్ ఫ్లష్ (లోపలి మడ్డిని కడిగే ద్రవం) కొట్టించాక తగ్గితే, గోడలకు అంటుకుని ఉన్న మడ్డి ఊడి, పంపు ఆయిల్ పీల్చే గొట్టం మూతికి ఉండే స్ట్రెయినర్ జాలీకి పట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి మడ్డి పట్టిన ఇంజిన్‌కు ఒక్కసారిగా ఫ్లష్ పోయడం లాభం కంటే ప్రమాదమే ఎక్కువ. సంప్ గ్యాస్కెట్‌కు బదులు సిలికాన్ సీలెంట్ ధారాళంగా పూసి ఉంటే లోపలికి పిండబడ్డ ముక్కలు ఊడి అదే జాలీకి చేరతాయి. సంప్‌కు కింద రాయి తగిలి సొట్ట పడిందా అన్నది కూడా చూడాలి. స్ట్రెయినర్ మూతికీ సంప్ అడుగుకూ మధ్య ఉండేది కొద్దిపాటి ఎడమే. సొట్ట పైకి లేస్తే ఆ ఎడం మూసుకుపోయి పంపుకు ఊపిరాడదు. ఇంజిన్‌లో ఏ లోపమూ లేకుండా ప్రెజర్ పడే సందర్భం ఇది. దీన్ని కనిపెట్టడానికి బండి కింద పడుకుని ఒకసారి చూస్తే చాలు.

ముల్లు తీరును చదవడం

అరిగిన బేరింగులకు ఒక స్పష్టమైన తీరుంది. చల్లగా ఉన్నప్పుడు ప్రెజర్ ఎప్పటిలాగే రిలీఫ్ వాల్వ్ పరిమితి దాకా వెళుతుంది, ఎందుకంటే చిక్కటి ఆయిల్ పెద్ద సందులోంచి కూడా తొందరగా కారదు. వేడెక్కే కొద్దీ ఐడిలింగ్‌లో బాగా దిగుతుంది. రేస్ చేస్తే మళ్లీ లేస్తుంది గానీ పాత స్థాయికి రాదు. ఇదంతా నెలలు, ఏళ్ల మీద మెల్లగా జరిగి ఉంటుంది. పలచబడ్డ ఆయిల్ కూడా ఇదే తీరు చూపుతుంది కాబట్టే, సరైన గ్రేడ్ కొత్త ఆయిల్ పోసి మళ్లీ కొలవకుండా బేరింగుల మీద నేరం మోపకూడదు.

జాలీ మూసుకుపోతే తీరు దాదాపు తలకిందులు. ఐడిలింగ్‌లో పర్వాలేదనిపించిన ప్రెజర్ వేగం పెంచితే పడిపోతుంది. పంపు అడిగినంత ఆయిల్ జాలీ గుండా రావడం లేదు మరి. ఇంకో గుర్తు కూడా ఉంది. బండి ఆపి కాసేపు వదిలేస్తే జాలీకి అంటుకున్న చెత్త కింద పడుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే అంతా బాగుంటుంది. కొంతదూరం పోయాక చెత్త మళ్లీ అంటుకుని ముల్లు దిగుతుంది. ఈ వచ్చిపోయే తీరు చూసి సెన్సర్ మార్చినవాళ్లు చాలామందే ఉంటారు. ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్, ఆడీ ఏ4 కార్లలో వచ్చిన 1.8 లీటర్ల టర్బో ఇంజిన్, అదే కాలపు సాబ్ 9-5 ఈ మడ్డి సమస్యకు పేరుపడ్డాయి. అలాంటి ఇంజిన్లలో సంప్ దించి జాలీ చూడటం తొలి మెట్టే తప్ప చివరిది కాదు.

స్ట్రెయినర్ గొట్టం పంపును కలిసేచోట ఉండే రబ్బరు ఓ-రింగు ఎండిపోతే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది. స్టార్ట్ అయ్యాక ప్రెజర్ రావడం ఆలస్యమవుతుంది, ముల్లు నిలకడగా ఉండదు, వాల్వులను తెరిచే ట్యాపెట్లు టకటకలాడతాయి. ఇక్కడ తెలిసినవాళ్లు చేసే పరీక్ష ఒకటుంది. తాత్కాలికంగా అర లీటరో లీటరో ఆయిల్ ఎక్కువ పోసి ఐడిలింగ్‌లోనే చూస్తారు. లీకయ్యే జాయింటు ఆయిల్‌లో మునిగితే గాలి ఆగి ప్రెజర్ కుదుటపడుతుంది. కుదుటపడితే ఓ-రింగు దొంగ దొరికినట్టే. ఆ అదనపు ఆయిల్‌ను వెంటనే తీసేయాలి, దానితో బండి నడపకూడదు.

రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు బలహీనపడితే గుర్తు చల్లటి స్టార్టులోనే కనిపిస్తుంది. ఒకప్పుడు 60 దాకా వెళ్లే ముల్లు ఇప్పుడు చల్లటి ఆయిల్‌తో కూడా 35 దగ్గర ఆగిపోతుంది. ఎంత రేస్ చేసినా అక్కడి నుంచి కదలదు. వాల్వ్ పిస్టన్ కింద చిన్న లోహపు ముక్క ఇరుక్కుంటే మాత్రం అన్ని వేగాల్లోనూ ప్రెజర్ తక్కువ, అదీ ఉన్నట్టుండి. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వ్‌ను బయటి నుంచే ఒక బోల్టు విప్పి తీయొచ్చు. అలాంటి అదృష్టం ఉన్నప్పుడు సంప్ జోలికి పోకముందే దాన్ని తీసి, పిస్టన్ మీద గీతలున్నాయా, నున్నగా జారుతోందా, స్ప్రింగు పొడవు మాన్యువల్ చెప్పినంత ఉందా చూడాలి.

ఆయిల్ ఫిల్టర్‌ను అందరూ మొదట అనుమానిస్తారు గానీ, మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల ప్రెజర్ పూర్తిగా పోవడం అరుదు. లోపల బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ వడపోత లేకుండానే ముందుకెళుతుంది. ఫిల్టర్‌లోని వెనక్కి కారనివ్వని రబ్బరు వాల్వ్ చెడితే రాత్రంతా ఆయిల్ సంప్‌లోకి దిగిపోయి, పొద్దున్నే లైటు ఆరడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. అంతవరకే దాని పాత్ర.

సెండర్ ఎక్కడుందో కూడా గుర్తుంచుకోవాలి. పంపు పక్కనున్న సెండర్‌కూ సిలిండర్ హెడ్ చివరనున్న సెండర్‌కూ అంకెలు ఒకటి కావు. 1980ల ఫోక్స్‌వ్యాగన్ ఇంజిన్లలో కొన్నింటికి రెండు స్విచ్‌లు ఉండేవి. హెడ్ దగ్గర 0.3 బార్‌కు ఒకటి, ఫిల్టర్ దగ్గర 1.8 బార్‌కు మరొకటి. రెండోది ఇంజిన్ సుమారు 2,000 ఆర్‌పీఎం దాటాకే లెక్కలోకి వచ్చి, ప్రెజర్ చాలకపోతే బజర్ మోగించేది. ఐడిలింగ్‌కు సరిపోయే ప్రెజర్ హైవే వేగానికి చాలదన్న ఆలోచన ఆ ఏర్పాటులో ఉంది. ఒక్క స్విచ్‌తో సరిపెట్టిన మిగతా కార్లలో ఆ ఆలోచన లేదు.

సంప్ దించాక

కొలతలు నిజంగానే తక్కువని తేలి, ఆయిల్, ఫిల్టర్, బయటి వాల్వ్ అన్నీ చూశాకే సంప్ వంతు. దించేముందు ఫిల్టర్‌ను కోసి చూడటం మంచిది. రంపంతో కోస్తే రంపపు పొడే లోపల పడి మోసం చేస్తుంది కాబట్టి కట్టర్ వాడాలి. మడతలు విప్పి వెలుతురులో చూస్తే, అయస్కాంతానికి అతుక్కునే ముక్కలు ఇనుపవి, అంటే గేర్ల నుంచో క్యామ్ నుంచో వచ్చాయి. అయస్కాంతానికి అంటకుండా మెత్తగా మెరిసే రేకులు బేరింగుల నుంచి వచ్చి ఉండొచ్చు. అవి కనిపిస్తే దాదాపు తేలిపోయినట్టే.

సంప్ దిగాక మొదట జాలీ, తర్వాత గొట్టం ఓ-రింగు, తర్వాత పంపు. జాలీని కడిగే ముందు దాని మీద ఏముందో చూడాలి. ప్లాస్టిక్ ముక్కలుంటే టైమింగ్ చైను గైడ్ విరిగింది, నల్లటి గట్టి రబ్బరు పలుకులుంటే వాల్వ్ సీళ్లు రాలుతున్నాయి, సీలెంట్ పోగులుంటే పోయిన రిపేరు నిర్వాకం. పంపు గురించి తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. ఫిల్టర్ పంపు తర్వాత ఉంటుంది. వడపోత లేని ఆయిల్ మింగేది పంపే, దానికున్న రక్షణ ఈ ముతక జాలీ ఒక్కటే. అందుకే పంపు మూత లోపలివైపు గేర్లు గీసిన లోతైన చారలు ఉన్నాయా చూడాలి, గేరుకూ మూతకూ మధ్య ఎడాన్ని ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలచని రేకులతో) కొలవాలి. ఇది పదోవంతు మిల్లీమీటరు దాటిందంటే చాలా పంపులకు మార్పు సమయం వచ్చినట్టే.

పంపు బాగుంటే బేరింగుల దగ్గరికి రావాలి. ఇంజిన్ దించకుండానే ఒకటి రెండు క్యాప్‌లు విప్పి చూసే వీలు చాలా కార్లలో ఉంటుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగులో భారం పడేది పై షెల్ మీద, మెయిన్ బేరింగులో కింది షెల్ మీద. కాబట్టి ఆయా షెల్లే చూడాలి. బూడిదరంగు పూత అరిగి రాగి రంగు బయటపడితే వాటి పని అయిపోయింది. సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే మెత్తని సన్నని ప్లాస్టిక్ దారాన్ని జర్నల్ (బేరింగులో తిరిగే షాఫ్ట్ భాగం) మీద పెట్టి, క్యాప్ సరైన టార్క్‌తో బిగించి విప్పి, అది ఎంత వెడల్పుగా నలిగిందో కొలబద్దతో పోల్చితే సరిపోతుంది. షెల్ మాత్రమే అరిగి జర్నల్ నున్నగా, గుండ్రంగా ఉంటే కొత్త షెల్లతో సరిపెట్టొచ్చు. జర్నల్ మీద గోరుకు తగిలే గీతలుంటే క్రాంక్ గ్రైండింగ్ తప్పదు.

క్యామ్‌షాఫ్ట్ బేరింగులను చాలామంది లెక్కలోకే తీసుకోరు. మెయిన్, రాడ్ షెల్లు కొత్తవి వేసినా ప్రెజర్ పెరగలేదంటే కారుడు పైనో పక్కనో ఉంది. క్యామ్ బేరింగులు, రాకర్ షాఫ్ట్, బ్యాలెన్స్ షాఫ్ట్ ఉంటే దాని బుషులు, పిస్టన్ల మీదికి ఆయిల్ చిమ్మే జెట్లు, ఇంజిన్ కట్టినప్పుడు గ్యాలరీ (బ్లాకు లోపలి ఆయిల్ దారి) చివర బిగించడం మరిచిన ప్లగ్. చివరిది నవ్వులాట కాదు. కొత్తగా కట్టిన ఇంజిన్‌లో మొదటిరోజు నుంచే ప్రెజర్ తక్కువుంటే చూడాల్సిన వాటిలో అదొకటి.

చిక్కటి ఆయిల్ సంగతి

ఇవేవీ చేయకుండా ఒక గ్రేడ్ చిక్కటి ఆయిల్ పోస్తే గేజ్ లేస్తుంది. ఇది మోసమా, వైద్యమా అన్న వాదన ఎప్పటికీ తెగదు. లక్షల కిలోమీటర్లు తిరిగి, అన్ని సందులూ సమానంగా కాస్త వదులైన పాత ఇంజిన్‌లో, 10డబ్ల్యూ-30 నుంచి 15డబ్ల్యూ-40కి మారడం సమంజసమే. వేడి వాతావరణాలకు అలాంటి గ్రేడ్లు చాలా మాన్యువళ్లలోనే అనుమతించారు. మూసుకున్న జాలీకి, గాలి పీల్చే ఓ-రింగుకు మాత్రం చిక్కటి ఆయిల్ పరిస్థితిని ఇంకా దిగజారుస్తుంది, ఎందుకంటే చిక్కటిది పీల్చుకోవడం పంపుకు మరింత కష్టం. ప్రెజర్ ఉన్నట్టుండి పడినప్పుడు గ్రేడ్ మార్చి ఊరుకోవడం సాక్ష్యాన్ని చెరిపేయడమే. ఎక్కువ తోసే పెద్ద పంపు వేయడం కూడా ఈ కోవలోదే. కారుతున్న బేరింగు అలాగే ఉంటుంది, గేజ్ మాత్రం అందంగా కనిపిస్తుంది.

రిపేరు అయ్యాక పంపును పొడిగా తిప్పకూడదు. విప్పిన పంపులో గేర్ల మధ్య పెట్రోలియం జెల్లీ నింపి బిగిస్తే ఆయిల్‌ను వెంటనే పీల్చుకుంటుంది. ఇగ్నిషన్ వైరు తీసేసి, స్పార్క్ ప్లగ్గులు కూడా విప్పి, గేజ్ లేచేదాకా స్టార్టరుతో తిప్పాకే ఇంజిన్ అంటించాలి. స్టార్టరును మధ్యమధ్య చల్లారనివ్వాలి. తర్వాత అదే మెకానికల్ గేజ్‌తో, అంతే వేడి ఎక్కాక, అవే వేగాల దగ్గర మళ్లీ కొలిచి పాత అంకెల పక్కన రాయాలి. డాష్‌బోర్డు సెండర్‌ను ఈ కొలతలయ్యాకే తిరిగి బిగించాలి. కొద్ది వందల కిలోమీటర్ల తర్వాత ఆయిల్, ఫిల్టర్ మరోసారి మార్చి, ఆ ఫిల్టర్‌ను కూడా కోసి చూడాలి.